పెన్షన్‌కి వస్తున్న మేనల్లుడికి

చిన్నా,

ఆర్మీ నుంచి డిశ్చార్జ్ డేట్ వచ్చేసిందని మీ అమ్మ ఫోన్ చేసింది, చాలా సంతోషం రా. ఇంటికెప్పుడు పోతానా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటావు, కానీ యూనిట్‌లో ఉండగా ఒక్కపూటలో అయ్యే పని బయటికొచ్చాక చేయించుకోవాలంటే చుక్కలు కనిపిస్తాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ముందు పార్ట్ టూ ఆర్డర్లు, అదే పెళ్ళి, పిల్లల వివరాలు సర్వీసు రికార్డుకి ఎక్కించే కాగితాలు, తీయించి చూసుకో. మీ ఆవిడ పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రికార్డ్స్‌లో ఎలా ఉన్నాయో ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకులో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మన పక్కూళ్ళో ఒకాయన పోయాక వాళ్ళావిడ పేరు రికార్డులో లక్ష్మి, ఆధార్‌లో వెంకటలక్ష్మి, అంతే, ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయింది, ఆ వయసులో అఫిడవిట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది పాపం. ఇప్పుడంతా స్పర్శ్ అనే పెన్షన్ వెబ్‌సైట్‌లోనే కదా, లాగిన్, పాస్‌వర్డ్ మీ ఆవిడకి కూడా నేర్పించు, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలని కూడా చెప్పు.

దిగేముందు డాక్టర్లు చేసే రిలీజ్ మెడికల్ బోర్డు పరీక్షలో "ఠీక్ హై సాబ్" అని వచ్చేయకు. నువ్వు గన్ దగ్గర పనిచేసినోడివి, చెవిలో హోరుంటే హోరుందని చెప్పు, రాయించు. మెడికల్ కేటగిరీ తగ్గితే మళ్ళీ ఎక్కడా తీసుకోరని చాలామంది దాచేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు, సర్వీసులో వచ్చిన జబ్బు కాగితం మీద లేకపోతే రేపు డిసేబిలిటీ పెన్షన్ అడగడానికి ఆధారమే ఉండదు.

ఇక రెండో సర్వీసు. ఒళ్ళు బావుంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కి, అదే దిగినవాళ్ళని మళ్ళీ తీసుకుని రక్షణ శాఖ డిపోలకి కాపలా పెట్టే దళానికి, వెళ్ళమంటా, సెంటర్ కేరళలో కన్నూరులో. ఇక్కడ హవల్దార్‌గా దిగినా అక్కడ మళ్ళీ సిపాయిగా చేరాలి, నీకంటే చిన్నోడు నీకు డ్యూటీ వేస్తాడు, రాత్రి రెండింటికి వానలో డిపో గేటు దగ్గర రైఫిల్‌తో నిలబడాలి. అది మనసుకి పట్టించుకోకపోతేనే వెళ్ళు. 15 ఏళ్ళు చేస్తే రెండో పెన్షన్ వస్తుంది, కాబట్టి ఇంట్లో కూర్చుని ఆలస్యం చేయకు, గ్యాప్ పెరిగితే తీసుకోరు. చేరేటప్పుడు ఆప్షన్ ఫారం ఇస్తారు, పాత పెన్షన్ ఉంచుకుంటావా, వదులుకుని పాత సర్వీసు కలుపుకుంటావా అని, అది చదవకుండా సంతకం పెట్టొద్దు. నేను పాతది ఉంచుకున్నా, ఇవాళ రెండూ వస్తున్నాయి.

కానీ మీ ఆవిడ ఇన్నేళ్ళు ఒంటరిగా పిల్లల్ని లాక్కొచ్చింది, ఫ్యామిలీ క్వార్టర్ అన్నిచోట్లా దొరకదు, ముందు ఆ అమ్మాయిని అడుగు. వద్దంటే బ్యాంకు క్లర్కు పోస్టులకి ప్రిపేర్ అవ్వు, ఎక్స్ సర్వీస్‌మెన్‌కి 14.5 శాతం కోటా ఉంది.

పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఆ భాగానికి ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు, నెలనెలా పెన్షన్‌లో కోత మాత్రం 15 ఏళ్ళు నడుస్తుంది. ఆ డబ్బుతో వెంటనే మేడ మీద మేడ వేయకు, పెద్దదాని చదువుకి పక్కన పెట్టు. ఈసీహెచ్ఎస్ కార్డుకి, అదే మాజీ సైనికుల కుటుంబాలకి వైద్యం ఇచ్చే పథకం, దానికి మాత్రం మీ అమ్మ పేరు కూడా రాయి, ఆదాయం లిమిట్‌లోనే ఉందిగా, మోకాళ్ళ నొప్పులని నీకు చెప్పట్లేదు ఆవిడ.

మీ మావయ్య