బోరు నీటి క్షారత్వం 380... కిడ్నీలకు ముప్పా?

ప్రశ్న: మాది కడప. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్‌కు బోరు నీళ్లే దిక్కు. పరీక్ష చేయిస్తే పిహెచ్ 7.8, మొత్తం క్షారత్వం 380 అని వచ్చింది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కడుతోంది. మా అత్తగారికి గతంలో కిడ్నీలో రాయి వచ్చింది. ఈ నీళ్లు తాగవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, 380 చూసి కంగారు పడకండి. పిహెచ్, క్షారత్వం ఒకటి కాదు. నీరు ఆమ్లం వైపు ఉందో, క్షారం వైపు ఉందో పిహెచ్ చెబుతుంది. ఆమ్లం కలిస్తే ఆ నీరు ఎంతవరకు తట్టుకుంటుందో క్షారత్వం చెబుతుంది. ఆ శక్తి ఎక్కువగా నీటిలో కరిగి ఉండే బైకార్బనేట్లు అనే లవణాలది. ల్యాబులో 50 మిల్లీలీటర్ల నీటిలో మిథైల్ ఆరెంజ్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. బ్యూరెట్ అనే కొలత గీతల గొట్టం నుంచి 0.02 నార్మల్ గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని బొట్టుబొట్టుగా వదులుతూ పోతే ఒక దశలో ఆ పసుపు నారింజకు తిరుగుతుంది. మీ నీటికి 19 మిల్లీలీటర్లు పట్టి ఉంటుంది. దాన్ని 20తో గుణిస్తే 380. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతి ఉంది.

గిన్నెలో గార కాల్షియం కార్బనేట్. నీరు మరిగేటప్పుడు బైకార్బనేట్ విడిపోయి అడుగున పేరుకుంటుంది. కిడ్నీలోనూ అలాగే పేరుకుంటుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. కిడ్నీ రాళ్లలో ఎక్కువ కాల్షియం ఆక్సలేట్‌వి. నీళ్లు తక్కువ తాగడం వాటికి పెద్ద కారణం. బోరు నీళ్లన్న భయంతో మీ అత్తగారు తాగడం తగ్గిస్తేనే నాకు బెంగ. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగించండి.

మీ ఉత్తరంలో నేను వెతికిన అంకె ఫ్లోరైడ్. అది మీరు రాయలేదు. బైకార్బనేట్లు ఎక్కువున్న నీరు గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్‌ను తేలికగా కరిగించుకుంటుంది. నల్గొండ బాధ మనకు తెలిసిందే, బెంగళూరుకు దగ్గరే ఉన్న కోలారులోనూ ఆ సమస్య ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చూపే, చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు దీన్ని పట్టలేదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. రిపోర్టులో ఆ గడి లేకపోతే మళ్లీ పరీక్ష చేయించండి. ఇంట్లో పోతపాలు తాగే పసిబిడ్డ ఉంటే నైట్రేట్ కూడా చూడమనండి, అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువున్నా తాగడానికి, వంటకు ఆర్వో నీరు వాడండి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు చాలు.