ఫొటో మసకబారేదెక్కడ? ఆధార్ మిగిలిపోయేదెక్కడ?

ప్రశ్న: ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. పెళ్లివారు వాట్సాప్‌లో పంపే ఫొటోలు స్క్రీన్ మీద బాగానే ఉంటాయి, 12×18 షీటు మీద మసగ్గా పడుతున్నాయి. అందర్నీ టెలిగ్రామ్‌కి మారమనాలా?
– ఓ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అక్కర్లేదండి. తేడా యాప్‌లో కాదు, ఫొటో పంపే పద్ధతిలో ఉంది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో దాదాపు 4000×3000 పిక్సెళ్లుంటుంది. గ్యాలరీ నుంచి మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని పొడుగువైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 5 అంగుళాల పైచిలుకుకే సరిపోతుంది. 18 అంగుళాలకు సాగదీస్తే పట్టుచీర జరీ అలుక్కుపోతుంది. పంపేటప్పుడు ‘హెచ్‌డీ’ ఎంచుకుంటే కొంత నయమే గానీ అదీ కుదింపే.

పెళ్లివారిని పేపర్‌క్లిప్ గుర్తు నొక్కి, ‘డాక్యుమెంట్’ ఎంచుకుని అందులోంచి పంపమనండి. ఫొటో ఉన్నదున్నట్టు వస్తుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా వెళ్తుంది. టెలిగ్రామ్‌లోనూ ఇదే సంగతి: ‘ఫైల్’గా పంపితేనే అసలుది. ఉచిత ఖాతాకి పరిమితి అక్కడా 2 జీబీయే. కాకపోతే ఫైలు వాళ్ల సర్వర్లో ఉంటుంది కాబట్టి షాపు కంప్యూటర్లో మళ్లీ దించుకోవచ్చు, వందల ఫొటోలుంటే అదే సుఖం. సిగ్నల్ అనే మరో మెసేజింగ్ యాప్‌లో పరిమితి 100 ఎంబీ, ఆల్బమ్ పనికి చాలదు. ఫొటోలన్నీ ఒకే మూటగా కట్టిన జిప్ ఫైలైతే విప్పడానికి మళ్లీ అంత జాగా కావాలి: 1.5 జీబీ జిప్‌కి 3 జీబీ ఖాళీ ఉంచుకోండి.

ఒక్క జాగ్రత్త. డాక్యుమెంట్‌గా పంపిన ఫొటోలో అది తీసిన చోటు వివరం కూడా ఉండిపోవచ్చు. ఇంట్లో తీసిందైతే ఇంటి ఆనవాలు ఇచ్చినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ముందే ఆపుకోమనండి.

ప్రశ్న: జిరాక్స్ షాపులో ప్రింటు కోసం ఆధార్, పాస్‌బుక్ వాట్సాప్‌లో పంపుతుంటాను. ఎన్‌క్రిప్షన్ ఉందిగా, భయం లేదు కదా?
– ఓ పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా వేసే తాళం, కాపాడేది దారిలోనే. షాపువాళ్లకి చేరాక ఫైలు వాళ్ల చేతిలోనే ఉంటుంది. మీరు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టినా (దానికీ 2 రోజుల 12 గంటలే గడువు) కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోకి దిగిన కాపీ చెరగదు. ప్రింటు అందగానే దగ్గరుండి ఆ ఫోల్డర్లోనూ, రీసైకిల్ బిన్‌లోనూ తీయించండి, మొహమాటపడకండి. ఒప్పుకునే చోట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి.

అక్కడి కంప్యూటర్లో మీ వాట్సాప్ వెబ్ తెరవడం ఇంకా ప్రమాదం. లాగవుట్ మరిచిపోతే మీ చాట్లు అక్కడే తెరిచి ఉంటాయి. ఇప్పుడే ఫోన్లోని వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరవండి, గుర్తుపట్టలేనిది ఉంటే దాని మీద నొక్కి లాగవుట్ చేయండి.

ప్రశ్న: ఇంటి గ్రూపుని సిగ్నల్‌కి మారిస్తే లాభమేంటి?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాటల గోప్యతకి వాట్సాప్ వాడేదీ సిగ్నల్ ప్రోటోకాలే, అంటే సిగ్నల్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతే. తేడా మిగతా సమాచారంలో ఉంది: ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి కనెక్టయిన తేదీ తప్ప సిగ్నల్ దగ్గర దాదాపు ఏమీ ఉండదు. టెలిగ్రామ్ గ్రూపు మెసేజ్‌లకైతే ఎండ్-టు-ఎండ్ రక్షణే (పంపినవారు, అందుకున్నవారు తప్ప యాప్ కంపెనీ కూడా చదవలేని తాళం) లేదు, మెసేజ్‌లలో అది ఇద్దరి మధ్య విడిగా తెరిచే సీక్రెట్ చాట్‌కే. వాట్సాప్‌లోనే ఉంటే ‘చాట్ బ్యాకప్’లో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది పోతే బ్యాకప్‌ని ఎవరూ తెరవలేరు.