డ్యామ్ కడితే సముద్రం రంగు మారుతుందా? మా ఋషికుల్య మొగ దగ్గర చూసింది చెప్తాను

నది మీద ఎక్కడో డ్యామ్ కడితే కింద సముద్రంలో నాచు ఎందుకు పెరుగుతుందని అడిగారు. నేను ఒడిశాలోని గంజాం తీరంలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పుట్టాను. మావాళ్లు వేటకెళ్లే తెలుగువాళ్లు. ఒడియాలో నోళియాలంటారు. అందుకే ముందు మా చిన్నాన్న వల సంగతి చెప్తాను.

2005 ఏప్రిల్. తొమ్మిదింటికి రావాల్సిన తెప్ప ఆరున్నరకే ఒడ్డెక్కింది. చిన్నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా వల ఇసకలో పరిచాడు. టమాటా చారు ఒలికినట్టు ఎర్రగా, జిగురుగా ఉంది, ముక్కు మూసుకోవాల్సిన కంపు. నేను వేలు పెట్టబోతే "ఒరే, ముట్టకు, దురదెడతాది" అని కసిరాడు. అరబుట్ట చేపలు కూడా లేవు. గంగమ్మకి మొక్కు తీర్చలేదని నానమ్మ ఒకటే గొణుగుడు. ఆ రాత్రి పిల్లలమంతా ఒడ్డుకి పరిగెత్తాం. అల విరిగిన చోటల్లా నీలంగా మంట! తడి ఇసకలో కాలు పెడితే అడుగు మెరిసేది. మాకు పండగ, ఇంట్లో బియ్యానికి అప్పు.

తర్వాత బరంపురంలో చదువుకునేటప్పుడు తెలిసింది, ఆ ఏప్రిల్లోనే ఋషికుల్య ఎదురుగా, నీళ్లని ఎర్రగా చేసి రాత్రి మెరిసే నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి విరగబడిందని శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. అది డయాటమ్ అనే సన్నటి నాచుని, అలాంటి మిగతా నాచుల్ని తిని బతుకుతుంది. డయాటమ్‌కి పెంకు కావాలి, పెంకుకి సిలికా కావాలి. ఆ సిలికా కొండరాళ్లు అరిగి నదిలో కొట్టుకొస్తుంది. డ్యామ్ వెనక నీరు నిలబడితే అక్కడే డయాటమ్‌లు పెరిగి, చచ్చి, అడుక్కి దిగిపోతాయి. సిలికా ఆ బురదలోనే ఆగిపోతుంది. యూరియా మాత్రం ఆగదు, డ్యామ్ కింద పొలాల నుంచి, ఊళ్ల కాలవల నుంచి కొత్తగా వచ్చి కలుస్తుంది. అంటే పెంకు కట్టుకునేవాడికి పస్తు, పెంకు అక్కర్లేని మిగతా నాచుకి విందు. ఐరోపాలో డాన్యూబ్ నది మీద ఐరన్ గేట్స్ డ్యామ్ కట్టాక నల్లసముద్రంలో ఇదే జరిగిందని 1997లో శాస్త్రవేత్తలు రాశారు.

ఏప్రిల్లో ఏరే ఎండిపోతే డ్యామ్‌ది తప్పెలా అవుతుందని మా బావమరిది వాదిస్తాడు. వాడు ఇరిగేషన్ కాంట్రాక్టరు, అలాగే వాదిస్తాడు లెండి. వేసవిలో సముద్ర ప్రవాహాలు తిరగడం, అడుగు నీరు పైకి రావడం కూడా కారణాలే, ఒప్పుకుంటాను. కానీ వరదల్లో కొట్టుకొచ్చిందే తీరానికి ఏడాది సరుకు. అది తగ్గితే వేసవి బాగుంటుందా? నా లెక్క ఇదే, మార్చుకోను.

ఇంకో మాట. డ్యామ్ అంటే హిరాకుడ్ అంత గోడే అనుకుంటారు. మా ఋషికుల్య మీద జానివిల్లి ఆనకట్ట, భంజానగర్, సొరడా జలాశయాలు 1866 కరువు చూశాక కట్టుకున్నవి. అప్పటికి మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అవి వద్దని నేననను, ఆ నీళ్లతో పండిన వరే మేమూ తిన్నాం. మంట ఎక్కడంటే, నీళ్లు ఎప్పుడు, ఎంత వదలాలన్న మాట వచ్చినప్పుడు రైతుని పిలుస్తారు, జాలరిని పిలవరు. మొగలో ఇసక మేట వేసినా, పొడంపేట ఊళ్లో వీధులకు వీధులే సముద్రంలో కలిసినా మమ్మల్ని అడిగినవాడు లేడు. ఫోన్లో నీలం అలల వీడియో తీసుకునేవాళ్లు మాత్రం ఇప్పుడు కార్లేసుకుని వస్తున్నారు!

నష్టం ఎంతవరకు పోతుందో తెలియాలంటే ఈజిప్టుని చూడండి. నైలు నది మీద అస్వాన్ హై డ్యామ్‌కి ముందు, 1962లో, అక్కడ సుమారు 18 వేల టన్నుల కవళ్లు (సార్డిన్ చేపలు) పడ్డాయి. 1968కి వెయ్యి టన్నులు కూడా లేవు, ఎందుకంటే నైలు వరద తెచ్చే సరుకుతో పెరిగే డయాటమ్‌లు పోయాయి. 80ల్లో చేపలు మళ్లీ వచ్చాయి. అదీ ఎరువుల నీటితో, మురుగునీటితో! దాన్ని బాగుపడటం అంటారో లేదో మీరే చెప్పండి.

మీరు మార్చి, ఏప్రిల్లో గోపాల్‌పూర్ వస్తే నీళ్ల రంగు చూడండి. గోధుమరంగు నురగైతే తరచూ డయాటమే. ఎరుపైతే దిగకండి, చిన్నాన్న మాటే మళ్లీ చెప్తున్నాను, దురదెడతాది.