టెక్నికల్ బిడ్ దశలోనే తీసేశారు: హైకోర్టుకు వెళ్తే నిలుస్తుందా?

ప్రశ్న: నేను చిన్న స్థాయి సివిల్ కాంట్రాక్టరును. మా పురపాలక సంఘం వరద నీటి కాలువ నిర్మాణానికి 38 లక్షల రూపాయల అంచనా విలువతో ఆన్‌లైన్ టెండరు పిలిచింది. నలుగురం బిడ్లు వేశాము. నా అనుభవ ధ్రువపత్రం మీద డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు సంతకం ఉందన్న కారణంతో టెక్నికల్ బిడ్ (అర్హత పత్రాలు పెట్టే భాగం) తిరస్కరించారు. టెండరు నోటీసులో ‘సంబంధిత ఇంజినీరింగ్ అధికారి’ ధ్రువీకరించాలని మాత్రమే ఉంది. చివర జతచేసిన నమూనాలో మాత్రం ‘ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు స్థాయికి తగ్గని అధికారి’ అని ఉంది. మరొకరినీ తీసేసి, బంధువులైన మిగతా ఇద్దరి ధరల బిడ్లే తెరిచారు. నేను అంచనా మీద 14 శాతం లెస్‌కు వేశాను. వారిలో తక్కువ వేసినవారిది ఒకటిన్నర శాతం లెస్. అడిగితే, కారణం చెప్పకుండానే తిరస్కరించే అధికారం కమిషనర్‌కు ఉందని, గొడవ చేస్తే బ్లాక్‌లిస్టులో పెడతామని అన్నారు. ధరావతు (బిడ్‌తో పాటు కట్టిన డిపాజిట్) కూడా ఇంకా తిరిగి ఇవ్వలేదు. నాకు దారి ఏమిటి?

జవాబు: ఎంపికైన వ్యక్తితో అగ్రిమెంటు అయిందా, వర్క్ ఆర్డరు ఇచ్చారా అన్నది మీరు రాయలేదు. దానిని ఈ రోజే కనుక్కోండి. మిగతా సలహా అంతా ఆ ఒక్క సంగతిపై ఆధారపడి ఉంటుంది.

పన్నెండున్నర శాతం తేడా, అంటే సుమారు 4 లక్షల 75 వేల రూపాయల ప్రజాధనం, మిమ్మల్ని బాధించడం న్యాయమే. అయితే మీ ధరల బిడ్‌ను తెరవనే లేదు కాబట్టి చట్టం దృష్టిలో మీరు ఎల్1 (అతి తక్కువ ధర వేసిన బిడ్డరు) కారు. ఎల్1 అయినంత మాత్రాన పని తనకే ఇవ్వాలని కోరే హక్కు ఎవరికీ ఉండదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కనుక వాదనను ధర దగ్గర కాక, ధ్రువపత్రంపై ఎవరి సంతకం ఉండాలన్న ఆ రెండు వాక్యాల దగ్గర మొదలుపెట్టాలి.

ఒక ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన అర్హత ప్రమాణాలకు తానే కట్టుబడి ఉండాలని 1979 నాటి రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. టెండరు షరతుల్లో తప్పనిసరిగా పాటించవలసినవి, అనుబంధమైనవి అని రెండు రకాలు ఉంటాయని 1991 నాటి పొద్దార్ స్టీల్ కేసులో చెప్పింది. ఆ కేసులో ధరావతును నగదుగా గాని స్టేట్ బ్యాంక్ డ్రాఫ్టుగా గాని ఇమ్మంటే, ఒక బిడ్డరు యూనియన్ బ్యాంకు ధ్రువీకరించిన చెక్కు ఇచ్చాడు. డబ్బు వస్తుందన్న భరోసా ఉన్నందున అది సాంకేతిక లోపమేనని, దానిని మన్నించవచ్చని కోర్టు అంది. చాలామంది ఈ తీర్పును చూపి ధీమాగా కోర్టుకు వస్తారు, కానీ అక్కడ ఒక కీలకమైన తేడా ఉంది. ఆ కేసులో లోపాన్ని మన్నించింది కార్యాలయమే. కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. మీ విషయంలో కార్యాలయం మన్నించనంది. ‘మన్నించి తీరాలి’ అని కోర్టు చేత చెప్పించడం అంతకన్నా చాలా కష్టం. పైగా టెండరు పత్రాన్ని తయారుచేసిన సంస్థే దాని అర్థాన్ని బాగా ఎరుగునని 2016లో ఆఫ్కాన్స్ కేసులో వచ్చిన తీర్పును మున్సిపాలిటీ తరఫు న్యాయవాది తప్పక ముందు పెడతారు.

అయినా మీ కేసు బలహీనమని నేను అనుకోవడం లేదు. నోటీసులో ఒక మాట, నమూనాలో మరొక మాట రాసి, రెండింటిలో కఠినమైనదాన్ని బిడ్లు తెరిచాక ఎత్తిచూపడం సమంజసం కాదని వాదించవచ్చు. నమూనాకు భిన్నంగా ఉన్న ధ్రువపత్రాన్ని తిరస్కరిస్తామని టెండరు పత్రంలో ఎక్కడైనా స్పష్టంగా రాసి ఉందేమో వెతకండి. అటువంటి వాక్యం ఉంటే ఆ షరతు తప్పనిసరి అవుతుంది, మీ వాదన చాలావరకు పడిపోతుంది. లేకపోతే మీకు ఊపిరి ఉన్నట్టే. బిడ్ వేయకముందే ఈ వైరుధ్యంపై మీరు వివరణ అడిగారా అని న్యాయమూర్తి ప్రశ్నించే అవకాశం ఉంది. అడిగి ఉంటే ఆ ఈమెయిల్‌ను భద్రపరచండి.

వీటన్నిటికన్నా పదునైన అంశం మరొకటి ఉంది. అర్హత పొందిన ఆ ఇద్దరి అనుభవ పత్రాల మీద ఎవరు సంతకం చేశారు? అక్కడా డిప్యూటీ ఇంజినీరు సంతకమే ఉండి, వారిని ఉంచి మిమ్మల్ని తీసేస్తే, ఒకే కొలతను ఇద్దరికి రెండు విధాలుగా వాడినట్టు అవుతుంది. రాజ్యాంగం 14వ అధికరణం కింద దానిని సమర్థించుకోవడం ఏ కార్యాలయానికైనా కష్టమే. పోర్టల్‌లో కనిపించే ప్రతి పేజీని, తిరస్కరణ కారణం రాసిన తెరతో సహా, తేదీ, సమయం కనబడేలా ఈ పూటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

కారణం చెప్పకుండా తిరస్కరించవచ్చన్న షరతు దాదాపు ప్రతి టెండరులోనూ ఉంటుంది. దాని అర్థం కారణం లేకుండా తిరస్కరించవచ్చని కాదు. ఒప్పందాల విషయంలోనూ ప్రభుత్వ సంస్థ నిరంకుశంగా ప్రవర్తించరాదని 1990లో శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఉత్తర్వులో రాసిన కారణానికి తరువాత కౌంటర్ అఫిడవిట్‌లో (కోర్టుకు ఇచ్చే జవాబులో) కొత్త కారణాలు చేర్చి బలం తేలేరని 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ తీర్పు చెబుతోంది. అందుకే తిరస్కరణ కారణాన్ని రాతపూర్వకంగా రాబట్టుకోవడం మీకు అంత అవసరం.

కమిషనర్‌కు రేపే ఒక వినతిపత్రం ఇచ్చి, స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. రెండు నిబంధనల మధ్య వైరుధ్యాన్ని యథాతథంగా ఉటంకించి, మూల్యాంకన నివేదిక ప్రతిని, తిరస్కరణకు రాతపూర్వక కారణాలను అడగండి. తేలేవరకు అగ్రిమెంటు చేసుకోవద్దని కోరండి. ఒక ప్రతిని పురపాలక శాఖ సంచాలకులకు పంపండి. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు ప్రత్యేక చట్టాలు చేసి, వాటిలోనే అప్పీలుకు వీలు కల్పించాయి. మన దగ్గర ఈ స్థాయి పనులు ప్రధానంగా ప్రభుత్వ ఉత్తర్వుల మీద, టెండరు పత్రం మీద నడుస్తాయి కనుక ఈ వినతిపత్రమే మీ తొలి మెట్టు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు కూడా పెట్టండి. కాని జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు కాలువ తవ్వకం మొదలైపోవచ్చు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.

వారం రోజుల్లో స్పందన రాకపోయినా, ఈలోగా అగ్రిమెంటు జరగబోతోందని తెలిసినా, 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. ఎంపికైన బిడ్డరును కూడా ప్రతివాదిగా చేర్చడం మరవకండి. కోర్టు మీ బిడ్ మంచిదా కాదా అని తూకం వేయదు. నిర్ణయం దురుద్దేశంతో గాని, ఒకరికి మేలు చేయడానికి గాని, ఏ వివేకవంతుడూ తీసుకోనంత అసంగతంగా గాని జరిగిందా, దానివల్ల ప్రజాప్రయోజనం దెబ్బతిన్నదా అన్న ప్రశ్నలనే పరిశీలిస్తుంది. 2006 నాటి జగదీశ్ మండల్ తీర్పు ఇచ్చిన కొలమానం ఇది. మీరు చెప్పిన ధర తేడా ఆ ప్రజాప్రయోజనం చర్చలో ఉపయోగపడుతుంది.

స్టే గురించి మాత్రం మీకు ఆశలు పెంచలేను. నిర్దిష్ట ఉపశమన చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం, మౌలిక వసతుల పనులకు ఆలస్యం కలిగించే నిషేధాజ్ఞలు ఇవ్వరాదు. ఆ చట్టం షెడ్యూలులో వరద నీటి పారుదల వ్యవస్థ కూడా ఉంది, అంటే మీ కాలువ పని సూటిగా దాని పరిధిలోకి వస్తుంది. రిట్లు వినే కోర్టులు కూడా ఈ ఉద్దేశాన్ని దృష్టిలో ఉంచుకోవాలని, పనులు ఆపే బదులు అవసరమైతే నష్టపరిహారం వైపు చూడాలని 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అగ్రిమెంటుకు ముందు వచ్చినవారికీ, గుంతలు తవ్వాక వచ్చినవారికీ కోర్టులో ఉండే తేడా ఇదే. ఆలస్యం చేసి మంచి కేసును పోగొట్టుకున్నవారిని చూశాను, అందుకే ఇంతగా తొందరపెడుతున్నాను.

మిగిలిన ఇద్దరూ బంధువులన్నది ఒంటరిగా రింగుకు (ముందే కుమ్మక్కై బిడ్లు వేయడానికి) రుజువు కాదు. ఇద్దరి ధరావతులు ఒకే ఖాతా నుంచి వెళ్లడం, బిడ్లు ఒకే కంప్యూటరు నుంచి రావడం, రెండింటిలో ఒకే తప్పులు ఉండడం వంటివి దొరికితే, 2002 నాటి పోటీ చట్టం సెక్షన్ 3(3)(డి) కింద కాంపిటీషన్ కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు. ఆధారం చేతికి రాకముందే రిట్‌లో ఆ ఆరోపణ గుప్పించవద్దు. నిరూపించలేని ఒక్క మాట, నిరూపించగలిగిన వాటి విలువనూ తగ్గిస్తుంది.

బ్లాక్‌లిస్టు బెదిరింపుకు భయపడవలసిన పని లేదు. వినే అవకాశం ఇవ్వకుండా ఎవరినీ బ్లాక్‌లిస్టులో పెట్టరాదని 1974లోనే ఎరూసియన్ కేసులో తేలింది. ఏ చర్య తీసుకోబోతున్నారో షోకాజ్ నోటీసులో స్పష్టంగా ఉండాలని 2014 నాటి గోర్ఖా సెక్యూరిటీ తీర్పు చెప్పింది. ఫిర్యాదు చేయడం బ్లాక్‌లిస్టుకు కారణం కాజాలదు. ఆ మాట ఎవరు, ఏ రోజు, ఎవరి ఎదుట అన్నారో నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ధరావతు విషయం తేలిక. సాధారణంగా బిడ్ గడువులోగా వెనక్కు తగ్గినా, పని వచ్చాక అగ్రిమెంటుకు రాకపోయినా, తప్పుడు పత్రం పెట్టినా మాత్రమే దానిని జప్తు చేస్తారు. మీ పత్రం అసలైనదే. దానిపై సంతకం చేసిన అధికారి హోదా గురించే వివాదం. తిరిగి ఇమ్మని విడిగా ఒక లేఖ రాయండి. అందులో ‘టెండరు నిర్ణయంపై నా అభ్యంతరాలకు భంగం లేకుండా’ అన్న మాట తప్పక చేర్చండి. లేకపోతే సొమ్ము తీసుకుని తిరస్కరణకు ఒప్పుకున్నారని రేపు అనగలరు.