గర్భిణుల మధుమేహ వైద్యంలో పరిశోధన చేయదలచిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. హార్మోన్ల వైద్యంలో ప్రత్యేక పట్టమైన డీఎం ఎండోక్రైనాలజీ పూర్తి కావస్తోందనీ, ఇకమీదట హైరిస్క్ గర్భాలనూ గర్భిణుల మధుమేహాన్నీ ప్రధానంగా చూస్తూ పరిశోధన కూడా సాగించాలనుకుంటున్నావనీ, అయితే వైద్యానికెంత, పరిశోధనకెంత సమయం కేటాయించాలో తేలడం లేదనీ రాశావు. ఆ రెండూ వేరువేరు పనులని అనుకున్నంత కాలం ఆ లెక్క తేలదు. నీ ప్రశ్న ఓపీలో పుట్టాలి, దాని జవాబు అదే ఓపీకి వచ్చే గర్భిణికి చేరాలి. ఈ రంగంలో నిలిచిన పనిలో చాలాభాగం ఆ దారినే వచ్చింది. బోస్టన్‌లోని జోస్లిన్ క్లినిక్‌లో 1924లో చేరిన ప్రిసిల్లా వైట్, మధుమేహం ఏ వయసులో మొదలైంది, ఎన్నేళ్లుగా ఉంది, రక్తనాళాలు ఎంతవరకు దెబ్బతిన్నాయి అన్న మూడు విషయాలను బట్టి తన దగ్గరికి వచ్చే గర్భిణులను తరగతులుగా విడదీసి చూసి, 1949లో ఆ వర్గీకరణను ప్రకటించారు. కోపెన్‌హాగెన్‌లో యోర్గెన్ పెడర్సెన్ తల్లులనూ అప్పుడే పుట్టిన బిడ్డలనూ పక్కపక్కన పరీక్షిస్తూ, తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుందనీ, దానికి స్పందించి బిడ్డ క్లోమం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుందనీ, ఆ ఇన్సులినే బిడ్డను లావు చేస్తుందనీ వాదించారు. పుట్టిన వెంటనే బిడ్డకు చక్కెర ఎందుకు పడిపోతుందో ఈనాటికీ మనం విద్యార్థులకు చెప్పేది ఆ తర్కంతోనే.

కాబట్టి మొదటి రెండేళ్లు గ్రాంట్ల వెంట పడకుండా, గర్భిణికి ఇన్సులిన్ ఇవ్వడాన్ని స్వయంగా నేర్చుకో. మొదటి మూడు నెలల చివర ఇన్సులిన్ అవసరం కొంత తగ్గుతుంది; పాత మోతాదునే కొనసాగిస్తే టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని మధుమేహం) ఉన్న అమ్మాయి రాత్రి నిద్రలోనే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఐదో నెల నుంచి అవసరం వారంవారం పెరుగుతుంది. నెలలు నిండకముందే కాన్పు అయ్యే సూచన ఉండి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారంటే, తల్లి చక్కెర గంటల వ్యవధిలోనే ఎగబాకుతుంది. ఇంజక్షన్ రాసిన ప్రసూతి వైద్యురాలు నీకు ఆ క్షణమే ఫోన్ చేసే అలవాటును మీ ఆసుపత్రిలో నీవే నెలకొల్పాలి. మాయ బయటపడగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది కనుక, కాన్పు తర్వాతి మోతాదును కాన్పుకు ముందే కేస్ షీటులో రాసి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వాంతులతో వచ్చిన టైప్ 1 గర్భిణి చక్కెర 190 (డెసీలీటరుకు మిల్లీగ్రాములు; ఇకముందు చెప్పే చక్కెర అంకెలన్నీ ఇవే) మాత్రమే ఉంది కదా అని పీజీ విద్యార్థులు తేలికగా తీసుకోకుండా చూడు. గర్భంలో కీటోయాసిడోసిస్, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయే ప్రాణాంతక స్థితి, అంత తక్కువ అంకెల దగ్గర కూడా వస్తుంది. కీటోన్లు చూడనిదే ఆమెను ఇంటికి పంపకూడదు. ఇవన్నీ చేతికి వచ్చిన తర్వాత నీకు తట్టే ప్రశ్నలకు ఉండే పట్టు, పత్రికలు చదివి వెతుక్కున్న ప్రశ్నలకు ఉండదు.

పరిశోధకురాలిగా నీ మొట్టమొదటి శ్రద్ధ రక్తపు నమూనా మీద ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఎన్నో అధ్యయనాల విలువ ఇక్కడే పోతుంది. గొట్టంలోకి తీసిన రక్తంలోని కణాలు బతికే ఉంటాయి, చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో అలా వదిలేస్తే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టం దీన్ని ఆపుతుందని అందరూ నమ్ముతారు కానీ, ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగానే పడుతుంది. ఉదయం 8 గంటలకు తీసిన నమూనాలన్నీ ఒక ట్రేలో, మే నెల ఎండ తగిలే వరండాలో, అటెండరు వచ్చేదాకా వేచి ఉండి 11 గంటలకు ల్యాబుకు చేరితే, పరగడుపున నిజంగా 94 ఉన్న గర్భిణి కాగితం మీద 88గా కనిపిస్తుంది. పరగడుపున జబ్బుగా లెక్కించే గీత 92 దగ్గర ఉన్నప్పుడు ఆమెకు జబ్బు లేదని రాసి పంపిస్తాం. అందుచేత నమూనా తీసిన వెంటనే మంచునీళ్లలో పెట్టించు, అరగంటలోపు సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పించి కణాల నుంచి ప్లాస్మాను వేరు చేయించు, వీలైతే సిట్రేట్ కలిసిన గొట్టాలు తెప్పించు. రక్తం తీసిన సమయాన్నీ, ప్లాస్మా వేరుచేసిన సమయాన్నీ రెండు వేరు గడులలో రాయించు. మొదటి ఆరు నెలలు వారానికొక ఉదయమైనా ఆ ట్రేతోపాటు నీవే ల్యాబు దాకా నడిచి వెళ్లు.

గర్భకాల మధుమేహాన్ని నిర్ధారించడానికి ఏ ప్రమాణాన్ని పాటించాలని అడిగావు. 2008లో వెలువడిన హాపో అధ్యయనం 9 దేశాల్లో 23 వేలకు పైగా గర్భిణులను పరీక్షించి, తల్లి చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ బరువూ ఇతర చిక్కులూ క్రమంగా పెరుగుతాయే తప్ప, ఇక్కడి నుంచే ప్రమాదం మొదలవుతుందని చూపే స్పష్టమైన హద్దేదీ లేదని తేల్చింది. ఆ తర్వాత 2010లో నిపుణుల బృందం చర్చించి పరగడుపున 92, గ్లూకోజు తాగిన గంటకు 180, రెండు గంటలకు 153 అన్న అంకెలను నిర్ణయించింది. అంటే ఆ గీతలు మనుషులు కూర్చుని గీసినవి, వాటిని గౌరవిస్తూనే ప్రశ్నించవచ్చు. మన దేశంలో చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య గారి బృందం ముందుకు తెచ్చిన పద్ధతిలో, గర్భిణి తిని వచ్చినా తినకుండా వచ్చినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత 140 లేక అంతకు మించి ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. ప్రభుత్వ మార్గదర్శకాలూ దీన్నే అనుసరిస్తున్నాయి. దీనివల్ల కొందరు తప్పిపోతారన్న విమర్శలో నిజముంది. అయినా రెండు బస్సులు మారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే గర్భిణిని పరగడుపున మళ్లీ రమ్మంటే ఆమె రాదు, వచ్చిన రోజున చేసే పరీక్షే ఆమెకు జరిగే పరీక్ష అని నా అభిప్రాయం. బయటి కేంద్రాల్లో ఆ పద్ధతినే కొనసాగించు, నీ పరిశోధన క్లినిక్‌లో పరగడుపున, గంటకు, రెండు గంటలకు తీసే మూడు నమూనాల పరీక్ష పూర్తిగా చేయించు. ఆ రెండు రకాల ఫలితాలను మాత్రం ఒకే పట్టికలో ఎన్నడూ కలపవద్దు.

హాపో కేంద్రాల్లో ఒక్కటి కూడా భారతదేశంలో లేదన్న సంగతి గుర్తుంచుకో. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారి బృందం, అక్కడి పల్లెల బిడ్డలు సగటున 2.7 కిలోలతో, ఇంగ్లండు బిడ్డలకన్నా బాగా చిన్నగా పుట్టినా, కండ తక్కువై, కొవ్వు మాత్రం అంతగా తగ్గకుండా ఉంటారని చూపించింది. అలాంటప్పుడు 4 కిలోలు దాటిన బిడ్డనే లావుగా లెక్కిస్తే మన తల్లుల విషయంలో ఎంత హానిని చూడకుండా వదిలేస్తున్నామో ఆలోచించు. స్కానింగ్‌లో బిడ్డ పొట్ట చుట్టుకొలత, పుట్టాక చర్మం మడత మందం, బొడ్డుతాడు రక్తంలో సీ పెప్టైడ్ (బిడ్డ ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో తెలిపే పదార్థం) కొలవడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒక జిల్లా ఆసుపత్రిలో కూర్చుని కూడా నీవు చేయగలిగిన పని అక్కడ ఉంది.

ఆహారం గురించి నీవే మాట్లాడు, పూర్తిగా డైటీషియన్‌కు అప్పగించేయవద్దు. గర్భంలో ఉదయం పూట ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి నాలుగు ఇడ్లీలు తిన్న గంటకు 170 చూపే అమ్మాయి, రెండు ఇడ్లీలూ ఒక గుడ్డూ తింటే 140 లోపు రావచ్చు. ఆమె చేతనే గ్లూకోమీటరుతో చూపించు, అప్పుడు నమ్ముతుంది. ఇద్దరికి సరిపడా తినాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు కనుక, ఆ మాట చెప్పే అత్తగారినో అమ్మనో కూడా లోపలికి పిలిచి, అన్నం మానేయమనడం లేదనీ, అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచమంటున్నామనీ గౌరవంగా వివరించు. చక్కెర ఎక్కువ వచ్చినందుకు గర్భిణిని ఎవరూ కోప్పడకుండా చూడు. కోప్పడిన క్లినిక్‌లో పుస్తకంలోని అంకెలన్నీ మరుసటి వారం నుంచి అందంగా మారిపోతాయి, ఆ అంకెలతో వైద్యమూ చేయలేం, పరిశోధనా చేయలేం.

గర్భానికి ముందే చూడవలసిన పని మన దగ్గర దాదాపుగా జరగడం లేదు. మధుమేహం ఉన్న అమ్మాయి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష) 6.5 శాతం లోపుకు వచ్చాక, కళ్లూ మూత్రపిండాలూ పరీక్షించి, బిడ్డకు హాని చేసే బీపీ మందులూ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లూ మార్చి, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టి, ఆ తర్వాత గర్భం దాల్చితే, పిండంలో అవయవ లోపాలు గణనీయంగా తగ్గుతాయి. ఆ ఫోలిక్ ఆమ్లం చరిత్రను నీ విద్యార్థులకు తప్పక చెప్పు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను దగ్గరుండి చూసిన ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్ పరిశీలనతో అది మొదలైంది, 1940లలో అమెరికా మందుల సంస్థ లెడర్లీలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో దాని తయారీ సాధ్యమైంది.

చికిత్స ప్రయోగాలు చేసేటప్పుడు ప్రశ్న సూటిగా ఉండనీ. 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు గర్భకాల మధుమేహానికి చికిత్స చేస్తే మేలుందా అని వెయ్యి మందిలో అడిగారు. బిడ్డకు తీవ్రమైన చిక్కులు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. చక్కెర తగ్గించే మాత్ర మెట్‌ఫార్మిన్‌పై 2008 నాటి ప్రయోగంలో ఆ మాత్ర తీసుకున్నవారిలో 46 శాతం మందికి ఇన్సులిన్ కూడా కలపవలసి వచ్చింది. మాత్ర రాసే ముందు గర్భిణికి ఈ మాట చెప్పడం న్యాయం. ఆశించిన ఫలితం రాకపోయినా ప్రచురించు. గర్భకాల మధుమేహం వచ్చిన దక్షిణాసియా తల్లులకు కాన్పు తర్వాత జీవనశైలి శిక్షణ ఇచ్చిన లివింగ్ అనే ప్రయోగంలో చక్కెర అదుపు క్షీణించడం ఆగలేదు; అది దాచకుండా చెప్పినందువల్లే తర్వాతివారు మరో దారి వెతకగలుగుతున్నారు.

కాన్పుతో మన పని అయిపోయిందనుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ఈ తల్లులకు తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా ఆరు వారాల పరీక్షకు వచ్చేవారు కొద్దిమందే. మన ఇళ్లలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది, బాలింతగా కొన్ని నెలలు అక్కడే ఉంటుంది, తర్వాత బిడ్డతో అత్తవారింటికి చేరుతుంది. ఆమె కేస్ షీటు మాత్రం నీ అల్మారాలో ఉండిపోతుంది. అందుకే ఆమెను మొదటిసారి చూసినప్పుడే రెండు ఇళ్ల ఊర్లూ, రెండు ఫోన్ నంబర్లూ, రెండు చోట్లా ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) ఎవరన్నదీ ఆమె అనుమతితో రాసుకో. బిడ్డకు ఆరు వారాల టీకా ఎలాగూ వేయిస్తారు కనుక, తల్లి గ్లూకోజు పరీక్షను అదే రోజు, అదే చోట పెట్టించు. గ్లూకోజు తాగి బిడ్డకు టీకా వేయించుకునేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. దీనికోసం టీకాల విభాగం నర్సుతో ముందుగా మాట్లాడాలి, ఆమె సమయానికి విలువ ఇవ్వాలి, పత్రం రాసినప్పుడు ఆమె పేరు కూడా చేర్చాలి.

నీ రిజిస్టరు నమూనానూ సమ్మతి పత్రం తెలుగు ప్రతినీ ఎథిక్స్ కమిటీకి పంపే ముందు నాకు పంపు. సమ్మతి పత్రాన్ని ముందుగా ఓపీలో చదువు తక్కువైన ఒక తల్లికి చదివి వినిపించి, ఆమె ఎక్కడెక్కడ ఆగి అడిగిందో పక్కన రాసి మరీ పంపు.

ఆశీస్సులతో,
మీ మేడమ్