మొదటి కీ మిషన్ ఏది కొనాలి?

ప్రశ్న: గాజువాకలో తాళాల షాపు పెడుతున్నాను. కార్ల కీలు కూడా కోసే ఖరీదైన మిషనే కొనమంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: అప్పు చేసి అది కొనొద్దు తమ్ముడూ. మొదట్లో వచ్చేవి ఎక్కువగా ఇళ్ల తాళాలు, బీరువాలే. డూప్లికేట్ కీలు కోసే మామూలు మిషన్ చాలు, పూర్ణా మార్కెట్ దగ్గర నేను ఇప్పటికీ వాడేది అదే. కొనేముందు, స్విచ్ వేయకుండా, రెండు వైసుల్లో, అంటే కీని పట్టుకునే బిగింపుల్లో, ఒకే రకం ఖాళీ కీలు (ఇంకా పళ్లు కోయనివి) బిగించి చూడండి. గైడు (అసలు కీ పళ్ల వెంట నడిచే మొన) ఒకదాన్ని తాకినప్పుడే కట్టర్ (కోసే చక్రం) రెండోదాన్ని తాకాలి. కాస్త తేడా ఉంటే స్క్రూతో సరిచేయొచ్చు. వైసు వదులైతే మాత్రం ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి, కీ కదిలితే కోత పాడవుతుంది. మన సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. రోజూ ఇత్తడి రజను దులిపి నూనె రాయండి. కోసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.