పాస్‌పోర్టు ఒక చోట, పర్సు ఒక చోట

అక్టోబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. వింటర్ సెమిస్టర్‌కి జర్మనీలో దిగిన పిల్లలకి ఊళ్ళో ఎవరో పిన్నిగారో బాబాయిగారో నా నంబరు ఇచ్చి ఉంటారు. గది దొరకలేదంటారు, చలికోటు ఎక్కడ కొనాలంటారు. ఆ తరవాత దాదాపు అందరూ అడిగేది ఒకటుంది: "అక్కా, పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలా, ఇంట్లో పెట్టేయాలా?" మొన్న గుంటూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఇదే అడిగి, "క్రిస్మస్ సెలవుల్లో నలుగురం పారిస్, బార్సిలోనా వెళ్తున్నాం, అక్కడ జేబుదొంగలు ఎక్కువంట కదా" అన్నాడు. ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదని రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెప్తాను. 2010లో, నేను వచ్చిన రెండో ఏడాది, పారిస్ మెట్రోలో నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పాస్‌పోర్టు, పర్సు రెండూ పోయాయి. బ్యాగు భుజానికి వేసుకున్నాను, కానీ వెనక్కి జరిగి ఉంది. ఇద్దరమ్మాయిలు మ్యాపు పట్టుకుని నా ముందు నిలబడి దారి అడిగారు. వెనక ఎవరో తోసుకుంటూ ఎక్కారు. తలుపులు మూసుకునే ముందు అందరూ ఒక్కసారిగా దిగిపోయారు. రైలు కదిలాక చూసుకుంటే జిప్పు తీసి ఉంది. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు.

పర్సులో ఉన్న నూట ఇరవై యూరోలకి ఆ రాత్రి ఏడ్చాను, కానీ అసలు దెబ్బ అది కాదు. అప్పట్లో జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్‌ని కూడా పాస్‌పోర్టు పేజీలోనే అతికించేవారు. విడిగా కార్డు ఇవ్వడం 2011 సెప్టెంబరు నుంచి మొదలైంది. అంటే పాస్‌పోర్టుతో పాటు ఇక్కడ ఉండటానికి నాకున్న హక్కు కాగితం కూడా పోయింది. పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకుని, సరిహద్దులో ఎవరైనా ఆపుతారేమోనని దారంతా వణుకుతూ రైల్లో తిరిగొచ్చాను. కొత్త పాస్‌పోర్టు రావాలి, అది వచ్చాక మళ్ళీ పర్మిట్ అతికించాలి, అందుకు అపాయింట్‌మెంట్ దొరకాలి. ఇదంతా అయ్యేలోపు మా చెల్లి పెళ్ళి అయిపోయింది. నేను ఫొటోల్లో చూశాను.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఇప్పుడు కొత్తగా వచ్చిన మీ పరిస్థితి అప్పటి నా పరిస్థితే. చదువుకోసం జర్మనీ ఇచ్చిన మీ డి వీసా పాస్‌పోర్టు పేజీ మీదే ఉంది. రెసిడెన్స్ కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ కార్డు వచ్చేదాకా పాస్‌పోర్టు పోతే వీసా కూడా పోయినట్టే. అందుకని నా సలహా: కార్డు రాకముందు విహారయాత్రలకి దేశం దాటకండి. షెంగెన్‌లో, అంటే ఉమ్మడి వీసా నడిచే యూరప్ దేశాల్లో, 180 రోజుల్లో 90 రోజులు తిరగడానికి డి వీసా సరిపోతుంది, చట్టం అడ్డు చెప్పదు. కానీ ఐఫిల్ టవర్ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. అప్పటికి పాస్‌పోర్టు ఒక చోట, కార్డు ఒక చోట పెట్టుకుని వెళ్ళొచ్చు. ఒకటి పోయినా రెండోది మీరెవరో చెప్తుంది.

ఉంటున్న ఊళ్ళో కాలేజీకి, కూరగాయలకి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు అవసరం లేదు. ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉంచండి. బ్యాంకుకో, ఇంటి చిరునామా నమోదుకో, విదేశీయుల ఆఫీసుకో వెళ్ళే రోజున మాత్రం తీసుకెళ్ళి, పని అవగానే నేరుగా ఇంటికి రండి. అటునుంచి అటే స్నేహితులతో సిటీకి వెళ్ళిపోతారు చూడండి, పోయేది సరిగ్గా ఆ రోజే. ఒరిజినల్ డిగ్రీలు, అవి అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ అయితే అడ్మిషన్ పూర్తయ్యాక గుమ్మం దాటాల్సిన పనే లేదు.

ఇక దిగిన రోజు గురించి. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు, కానీ అన్నిటికంటే ప్రమాదమైన రోజు అదే. పద్నాలుగు గంటల ప్రయాణం, నిద్ర లేదు, ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు, వీపున ఒక బ్యాగు, చేతిలో లాప్‌టాప్, ఎదురుగా అర్థం కాని భాషలో టికెట్ మెషిను. అప్పుడు ఎవరో నవ్వుతూ వచ్చి "హెల్ప్?" అంటారు. నిజంగా సాయం చేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, నేను కాదనను. కానీ మీరు అడిగితే సాయం చేసినవాళ్ళు వేరు, అడగకుండానే మెషిను దగ్గరికి, పెట్టె దగ్గరికి వచ్చినవాళ్ళు వేరు. ఒకడు మీ పెట్టెని రైల్లోకి ఎత్తుతుంటే మీ రెండు చేతులూ, మీ చూపూ ఆ పెట్టె మీదే ఉంటాయి. వీపు మీద బ్యాగు రెండోవాడి చేతికి అందుతూ ఉంటుంది. అందుకే వీపు బ్యాగులో బట్టలు, తినుబండారాలు తప్ప ఏమీ పెట్టకండి. పాస్‌పోర్టు, ఫోరెక్స్ కార్డు, పెద్ద నోట్లు ఒంటి మీద, చొక్కా లోపల ఉండాలి. టికెట్‌కి కావలసిన యాభై యూరోలు మాత్రం పై జేబులో.

నగదు విషయానికొస్తే, అమ్మానాన్నలు భయపడి కట్టలు ఇచ్చి పంపుతున్నారు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) వేసిన 11,904 యూరోలు ఇక్కడ బ్యాంకు ఖాతా తెరిచేదాకా చేతికి రావు, నిజమే. ఆ మూడు నాలుగు వారాల ఖర్చుకి ఫోరెక్స్ కార్డులో డబ్బు, చేతిలో నాలుగైదు వందల యూరోలు చాలు. కార్డు పోతే ఆపించవచ్చు. నోటు పోతే పోయినట్టే.

ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలి? మన పెద్దవాళ్ళకి ఇది మనకంటే బాగా తెలుసు. మా తాతగారు పత్తి అమ్మిన డబ్బుతో గుంటూరు నుంచి బస్సులో వచ్చేటప్పుడు నోట్లు పట్టాపట్టీల నిక్కరు జేబులో ఉండేవి, పైన పంచె. చొక్కా జేబులో బస్సు ఛార్జీ మాత్రమే. మా అమ్మమ్మ చిన్న గుడ్డ సంచిని రొంటిన దోపుకునేది, తిరుపతి క్యూలో కూడా అది కదిలేది కాదు. ఇక్కడ షాపుల్లో 'మనీ బెల్ట్' అని అమ్మేది అమ్మమ్మ రొంటి సంచినే. కొనండి, లేదా అమ్మ చేత కుట్టించుకురండి. కాకపోతే ఒక నియమం: దాన్ని నలుగురిలో తెరవకూడదు. అందులోంచి నోటు తీసి ఐస్‌క్రీమ్ కొన్నారంటే దాచిన చోటు మీరే చూపించినట్టు.

ఇంకోటి పిన్నీసు. అమ్మ గాజులకి ఎప్పుడూ నాలుగు వేలాడుతుండేవి గుర్తుందా? వీపు బ్యాగు జిప్పులు రెండూ కలిసే చోట పెద్ద పిన్నీసు ఒకటి గుచ్చండి. దొంగకి కావలసింది రెండు మూడు క్షణాలు మాత్రమే. పిన్నీసు తీయడానికి పది క్షణాలు పడుతుందంటే వాడు పక్క బ్యాగు చూసుకుంటాడు. పదిహేనేళ్ళుగా నేను ఇదే చేస్తున్నాను, మళ్ళీ ఒక్కసారి కూడా ఏమీ పోలేదు.

పారిస్‌లో జాగ్రత్తపడాల్సిన చోట్లు ఇవి: చార్ల్స్ ద గాల్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైలు, మెట్రో ఒకటో లైను, ఐఫిల్ టవర్ ఎదురుగా త్రొకదేరో, సాక్రే కేర్ చర్చి మెట్లు. ఆ మెట్ల దగ్గర దారప్పోగులు పట్టుకున్న మగవాళ్ళు మీ చెయ్యి పట్టుకుని వేలికి దారం చుట్టేస్తారు, రక్షాబంధనం కట్టినట్టు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఆగకుండా నడవండి. అట్టమీద కాగితం పెట్టి సంతకం చేయమనే అమ్మాయిల దగ్గరా అంతే, ఆ అట్ట కిందే రెండో చెయ్యి పని చేస్తుంటుంది. లూవ్ర్ మ్యూజియంలో దొంగల బాధ పడలేక 2013 ఏప్రిల్‌లో ఉద్యోగులే పని ఆపేసి ఒకరోజు మ్యూజియం మూయించారు. లోపల మోనాలిసా ముందు అందరి చేతులూ ఫోన్లతో పైకే ఉంటాయి, జేబులు కింద ఉంటాయి.

లూవ్ర్ దగ్గర మన విద్యార్థులకి ఇంకో చిక్కుంది. ఇరవై ఆరేళ్ళలోపు వయసుండి యూరప్‌లో నివాసం ఉన్నవాళ్ళకి ప్రవేశం ఉచితం. కాబట్టి అందరూ రెసిడెన్స్ కార్డు బయటికి తీస్తారు, చూపిస్తారు, వెనక ఉన్నవాళ్ళు తొందరపెడుతుంటే కంగారులో ప్యాంటు వెనక జేబులో పడేస్తారు. అక్కడ ఆగండి. వెనకవాళ్ళు ఆగుతారు, పరవాలేదు. కార్డు ఎక్కడ్నించి తీశారో అక్కడే పెట్టి, జిప్పు మూసి, అప్పుడు కదలండి.

రోమ్‌లో టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64వ నంబరు బస్సు, బార్సిలోనాలో లా రాంబ్లా వీధి, సగ్రద ఫమీలియా చర్చి దగ్గరి మెట్రో కూడా జాగ్రత్తపడాల్సిన చోట్లే. అక్కడా ఇవే వేషాలు: భుజం మీద ఏదో పోసి తుడవబోవడం, పోలీసునని పర్సు చూపించమనడం. నిజమైన పోలీసు గుర్తింపు కాగితం అడుగుతాడు గానీ మీ నోట్లు లెక్కపెట్టడు. జర్మన్ రైళ్ళలో అయితే, ఆగిన రైల్లో కిటికీ మీద ఎవరో తట్టి ఏదో అడుగుతారు. అటు చూసే లోపల పక్క సీటు మీది బ్యాగు ఉండదు. రాత్రి బస్సుల్లో పై అరలో బ్యాగు పెట్టి నిద్రపోకండి. కాళ్ళ మధ్య పెట్టుకుని పట్టీలో ఒక కాలు దూర్చుకోండి.

ఫోన్ గురించి ఇప్పుడు పాస్‌పోర్టు అంత గట్టిగా చెప్పాలి. ఫోన్ పోతే జర్మన్ బ్యాంకు యాప్ పోతుంది, ఇండియా సిమ్ పోతుంది, ఆ సిమ్‌కి వచ్చే ఓటీపీ పోతుంది. ఓటీపీ లేకపోతే డిజిలాకర్ కూడా తెరుచుకోదు. అందుకే పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ కాగితాల స్కాన్లు మీ ఈమెయిల్‌కి పంపుకుని, ఇంకో కాపీ ఇంట్లో నమ్మకమైనవాళ్ళ దగ్గర ఉంచండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ నోటికి రావాలి. స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు (మీ ఫోన్ గుర్తింపు నంబరు) రాసి పెట్టుకోండి. జిరాక్సు కాపీలు ఒక సెట్టు పెద్ద పెట్టె అడుగున ఉండాలి. నలుగురు కలిసి వెళ్తున్నారు కాబట్టి ఒకరి కాపీలు ఇంకొకరి బ్యాగులో పెట్టండి, ఇంటి నంబర్లు ఒకరివొకరు కాగితం మీద రాసుకోండి.

ఇన్ని చేసినా పోతే?

మొదటి అరగంటలో కార్డులు. జర్మనీలో 116 116కి ఫోన్ చేస్తే బ్యాంకు కార్డులు ఆపుతారు, దేశం బయట ఉంటే ముందు ప్లస్ 49 కలపాలి. రెసిడెన్స్ కార్డులో ఉన్న ఆన్‌లైన్ గుర్తింపు చిప్‌నీ ఇదే నంబరులో ఆపించవచ్చు. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. జర్మన్ జిరోకార్డుతో (ఇక్కడి బ్యాంకు డెబిట్ కార్డుతో) పిన్ లేకుండా సంతకం పెట్టి కూడా కొన్ని దుకాణాల్లో కొనవచ్చు. బ్యాంకులో ఆపినంత మాత్రాన ఇది ఆగదు. పోలీసులకి ఫిర్యాదు ఇస్తూ 'కూనో'లో, అంటే ఆ సంతకం కొనుగోళ్ళు ఆపడానికి పోలీసులు దుకాణాలకి కబురు పంపే వ్యవస్థలో, కూడా బ్లాక్ చేయమని నోరు తెరిచి అడగండి. బ్యాంకుకి చెప్పేలోపు జరిగిన నష్టంలో మీ వంతు మామూలుగా 50 యూరోలు దాటదు. కానీ పిన్ నంబరు కాగితం మీద రాసి పర్సులోనే పెట్టి ఉంటే, అది మీ నిర్లక్ష్యమని నష్టం మొత్తం మీ మీద వేయొచ్చు.

తరవాత పోలీసు ఫిర్యాదు, పోయిన ఊళ్ళోనే, ఆ రోజే. 'పోయింది' అని కాదు, 'దొంగిలించారు' అని రాయించండి. ఇన్సూరెన్స్‌కి ఆ తేడా ముఖ్యం. నకలు తీసుకోకుండా బయటికి రాకండి. వెళ్ళేముందు చుట్టుపక్కల చెత్తబుట్టలు ఒకసారి చూడండి. నోట్లు తీసుకుని మిగతాది పారేయడం వాళ్ళకి అలవాటు.

పాస్‌పోర్టు పోయి వేరే దేశంలో ఉంటే ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళండి. అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలరు. అయితే అది ఇండియాకి వెళ్ళడానికి మాత్రమే, జర్మనీకి తిరిగి రావడానికి కాదు. టెన్షన్‌లో ఇది తెలియక తీసుకున్నవాళ్ళున్నారు. చదువు మధ్యలో ఉన్నవాళ్ళు ముందు తమ పరిస్థితి చెప్పి, కొత్త పాస్‌పోర్టు గురించి అడగాలి. నాలాగా కాగితాలు లేకుండా రైలెక్కి రావాలని చూడకండి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. ఫిర్యాదు ఇచ్చిన తరవాత పాత పాస్‌పోర్టు దొరికినా, కాన్సులేట్‌ని అడగకుండా దానితో విమానాశ్రయానికి వెళ్ళకండి.

వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తారు. అప్పుడు మళ్ళీ ఇదంతా వాళ్ళకి మీరు చెప్పాలి. అమ్మ మెడలో గొలుసు స్కార్ఫ్ లోపల ఉండాలి, మిగతా బంగారం ఊళ్ళో లాకర్‌లో ఉండాలి. నాన్నగారు చొక్కా పై జేబులో పాస్‌పోర్టు పెట్టుకుని దాన్ని నిమిషానికోసారి తడిమి చూసుకుంటారు. ఆ తడమడమే దొంగకి చిరునామా, మెల్లగా చెప్పి మాన్పించండి. ఇద్దరి పాస్‌పోర్టులూ అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టడం మనవాళ్ళ అలవాటు. అలా వద్దు. నాన్నగారిది నాన్నగారి దగ్గర, అమ్మది అమ్మ దగ్గర. పిన్నీసులు మాత్రం అమ్మనే అడగండి, తప్పకుండా తెచ్చే ఉంటుంది.